జెరోమా, అంతోనా, లూథరా? పాత యూరప్ ఎన్‌గ్రేవింగుల్లో మీ గోడకి ఏది

మా ఇంట్లో రాసుకునే బల్ల పైన గోడకి ఒక ముసలాయన బొమ్మ ఉంటుంది, ఆయన ముందు ఒక సింహం కునుకు తీస్తుంటుంది. దాన్ని తగిలించిన రోజు మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎవర్రా ఈ తాత, సింహాన్ని కాపలా పెట్టుకుని పద్దులు రాసుకుంటున్నాడు?" అంది. కాసేపటికి కిటికీ గట్టు మీద పుర్రె కూడా కనపడింది. ఇంట్లో పుర్రె బొమ్మలేంటని రెండు రోజులు గొడవ. ఇప్పుడు ఆ ఫ్రేము తుడిచేది ఆవిడే.

ఆ బొమ్మ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1514లో రాగిరేకు మీద చెక్కిన ‘గదిలో పునీత జెరోము’. జెరోము అంటే బైబిలుని కొత్తగా లాటిన్‌లోకి తెచ్చిన క్రైస్తవ సాధువు. దాన్ని చూసిన మిత్రులు కొందరు తమకూ ఇలాంటిది ఒకటి చెప్పమన్నారు. ఒకాయనకి చదువుకునే గదిలో పెట్టుకోవాలని ఉంది. ఇంకొకరు గురుపట్టాభిషేకానికి (చర్చి గురువుగా నియమించే వేడుకకి) కానుకగా ఇవ్వాలనుకుంటున్నారు. పెన్నుతో బొమ్మలు వేసే ఒకమ్మాయికి చూసి నేర్చుకోవడానికి కావాలి. ముగ్గురికీ ఒకటే చెప్పలేం. డబ్బు పెద్ద సమస్య కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కాపీరైట్ లేని బొమ్మల ఫోటోలను 2017 నుంచి ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ సైట్లలో కూడా ఉచితంగా దొరుకుతాయి. తేల్చుకోవడమే కష్టం.

నా లెక్క ఒకటి ముందే చెప్పేస్తాను. ఈ బొమ్మల్లో కొన్నింటిని వస్తువుల్ని బట్టి చదవాలి, కొన్నింటిని ముఖాన్ని బట్టి చదవాలి. మీకు ఏ చదువు ఇష్టమో తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

చెక్క అచ్చా, రాగిరేకా

పెడన కలంకారీ అచ్చులు చూసినవాళ్ళకి వుడ్‌కట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కర్లేని చోట చెక్కని తవ్వేస్తారు, ఎత్తుగా మిగిలిన గీతకే రంగు అంటుతుంది. రాగిరేకు ఎన్‌గ్రేవింగ్ దీనికి సరిగ్గా తిరగేసిన పని. స్టీలు గిన్నె మీద పేరు కొట్టించుకుంటాం కదా, అలా సన్న ఉలితో రేకులోకి గీత చెక్కుతారు. సిరా పూసి పైపైన తుడిచేస్తే, గీతల లోపల నిండిందే మిగులుతుంది. దాని మీద తడి కాగితం వేసి ప్రెస్సులో గట్టిగా నొక్కితే కాగితం ఆ సిరాని పైకి లాక్కుంటుంది. ఉలి ఎంత లోతుకి దిగితే గీత అంత లావు. అందుకే ఒకే గీత వెంట్రుకలా మొదలై మధ్యలో లావెక్కి మళ్ళీ సన్నబడగలదు.

ఇది కంసాలి పనిలోంచి పుట్టిన విద్య. డ్యూరర్ తండ్రి కంసాలి, ఆయనకి ముందుతరం ఎన్‌గ్రేవర్ మార్టిన్ షోన్‌గావర్ తండ్రీ కంసాలే. డ్యూరర్ కూడా ముందు తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు.

దూరం నుంచి చూసే గోడ అయితే వుడ్‌కట్ తీసుకోండి, గీతలు మొద్దుగా, బలంగా ఉంటాయి. చేతిలో పట్టుకుని, లేదా బల్ల ముందు కూర్చుని చూసేదైతే ఎన్‌గ్రేవింగ్. హాల్లో సోఫా వెనక గోడకి ఎన్‌గ్రేవింగ్ పెడితే పది అడుగుల దూరం నుంచి బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. నేను పెట్టి చూసి, తీసేశాను.

వస్తువుల భాష

శంఖచక్రాలు కనిపిస్తే విష్ణువు, వీణా హంసా ఉంటే సరస్వతి. మనకి ఇది ఎవరూ విడిగా నేర్పలేదు. యూరప్ పునీతుల బొమ్మలు కూడా అలాగే చదవాలి. తాళంచెవులు ఉంటే పేతురు, ముళ్ళ చక్రం ఉంటే కేథరిన్, ఇనుప జల్లెడలాంటి కాల్చే చట్రం ఉంటే లారెన్సు. పళ్ళెంలో కళ్ళు పెట్టుకుని నిలబడితే లూసీ.

అయితే ఒక తేడా ఉంది. సింహం జెరోముకి వాహనం కాదు. గాయపడిన సింహం కాలిలోంచి ఆయన ముల్లు తీశాడని, అప్పటినుంచి అది ఆయన్ని వదల్లేదని కథ. నిజానికి ఆ కథ జోర్డాను ప్రాంతపు గెరాసిముస్ అనే ఇంకో సన్యాసిది. లాటిన్‌లో పేర్లు దగ్గరగా ఉండి, ఈయన ఖాతాలో పడింది. గోడకి వేలాడే వెడల్పు అంచు టోపీ కూడా అలాంటిదే. అది కార్డినల్ టోపీ, అంటే క్యాథలిక్ చర్చిలో పోపు తర్వాతి హోదా మతపెద్దలది. జెరోము బతికింది నాలుగు, ఐదు శతాబ్దాల్లో, కార్డినళ్ళకి ఎర్రటోపీ ఇచ్చింది 1245లో. చరిత్ర ప్రకారం ఆ టోపీ తప్పు, కానీ అది లేకపోతే చూసేవాళ్ళు జెరోముని గుర్తుపట్టరు. బొమ్మ నలుపు తెలుపుల్లో ఉంది కాబట్టి ఎరుపు ఎలాగూ కనిపించదు, ఆకారమే గుర్తు.

జెరోము: నా మొదటి ఓటు

ఒక్కటే కొనుక్కుంటాం అనేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. 24.7 సెంటీమీటర్ల ఎత్తు, 18.8 వెడల్పు. అంటే అసలు సైజులోనే ఎ4 కాగితంలో సరిపోతుంది.

ఎడమవైపు కిటికీ. గుండ్రటి గాజు బిళ్ళలు పొదిగిన ఆ కిటికీలోంచి ఎండ గోడ మీద పడి, గాజు ఆకారాలన్నీ నీడలుగా పరుచుకున్నాయి. అక్కడ ‘తెలుపు’ అనే రంగేమీ పూయలేదు. గీతలు చెక్కకుండా వదిలేసిన కాగితమే ఎండ. జెరోము గది చివర బల్ల దగ్గర తల వంచి రాసుకుంటున్నాడు. బైబిలుని లాటిన్‌లోకి తెచ్చిన మనిషి కదా, పని చేస్తూనే కనిపించాలి. తల చుట్టూ వెలుగు. బల్ల మూల మీద చిన్న సిలువ. ఆయన తల నుంచి ఆ సిలువ మీదుగా ఒక గీత గీస్తే తిన్నగా కిటికీ గట్టు మీది పుర్రెకి వెళ్తుంది. ఆయన తల ఎత్తితే మృత్యువు కనపడాలంటే మధ్యలో క్రీస్తు అడ్డు వస్తాడన్నమాట. మా అమ్మతో గొడవ తీరింది ఈ ఒక్క మాట చెప్పాకే.

వెనక గోడకి ఇసుక గడియారం. బెంచీ కింద విప్పేసిన చెప్పులు. ముందు సింహం పక్కన కుక్క నిద్రపోతోంది. ఇక పైన దూలానికి ఒక పెద్ద సొరకాయ వేలాడుతోంది. ముందు నేను దాన్ని అలంకారం అనుకున్నాను. మనవాళ్ళు ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు కదా, అలాంటిదేమో అనుకున్నా. కాదు. బైబిల్లో యోనా కథలో దేవుడు ఒక రాత్రిలో మొలిపించిన నీడనిచ్చే చెట్టు ఒకటుంది. పాత లాటిన్ బైబిళ్ళలో దాన్ని సొరతీగ అన్నారు. జెరోము దాన్ని ఐవీ తీగగా అనువదించాడు. చర్చిలో చదివినప్పుడు జనం అలవాటైన మాట మార్చారని గోల చేశారట. దాని మీద బిషప్ అగస్టీన్‌కి, జెరోముకి మధ్య ఉత్తరాల్లో వాదన నడిచింది. డ్యూరర్ సొరకాయలో ఆ వాదనే ఉందని కొందరు పండితుల మాట. అనువాదాలు చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి పటం నాకు తెలీదు. ఒక్క మాట మారిస్తే ఎన్ని తిట్లు పడతాయో వాళ్ళకే తెలుసు.

‘గదిలో జెరోము’ని చాలామంది అదే ఏడాది చెక్కిన ‘మెలెన్‌కోలియా’తో, 1513 నాటి ‘గుర్రపు వీరుడు, మృత్యువు, సైతాను’తో కలిపి మూడింటి సెట్టుగా కొంటారు. సెట్టు వద్దనే నా సలహా. ‘మెలెన్‌కోలియా’లో రెక్కల స్త్రీ, ఎటు కూడినా 34 వచ్చే మాయా చతురస్రం, చుట్టూ చెల్లాచెదురుగా పనిముట్లు ఉంటాయి. అది అద్భుతమే, కానీ మతపరమైన బొమ్మ అని సూటిగా అనలేం. అన్ని వివరణలు విన్నాక కూడా తల బరువెక్కుతుంది తప్ప తేలదు. పొద్దున్నే కాఫీ తాగుతూ చూసే బొమ్మ కాదు.

‘గుర్రపు వీరుడు’ చూడగానే ఆకట్టుకుంటుంది. పక్కన ఇసుక గడియారం చూపించే మృత్యువు, వెనక పంది మూతి సైతాను, మధ్యలో వాటివైపు చూడకుండా వెళ్ళే రౌతు. పరుగున వచ్చే కుక్క విశ్వాసానికి గుర్తంటారు. డ్యూరర్ తన డైరీలో దీన్ని ఉత్త ‘రౌతు’ అనే రాసుకున్నాడు, మిగతా పేరంతా తర్వాతివాళ్ళు కట్టింది. రౌతు మంచివాడా, దోపిడీదారా అన్న వాదన కూడా ఉంది. పైగా 20వ శతాబ్దంలో జర్మన్ జాతీయవాదులు, నాజీలు దీన్ని తమ వీరుడి బొమ్మగా వాడుకున్నారు. జర్మనీలో ఉన్న బంధువులకి కానుకగా పంపేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. పుర్రె, సైతాను రెండూ ఉన్న పటం గృహప్రవేశానికి తీసుకెళ్ళకూడదని వేరే చెప్పక్కర్లేదు.

అంతోని: బొమ్మలు వేసేవాళ్ళకి

పెన్నుతో వేసే అమ్మాయికి నేను చెప్పింది షోన్‌గావర్ ‘అంతోనిని పీడించే దయ్యాలు’. ఇప్పటి ఫ్రాన్సులోని కోల్‌మార్ ఊళ్ళో 1470ల ప్రాంతంలో చెక్కాడు. ముందే ఒక హెచ్చరిక. మన దగ్గర అంతోనివారు అంటే చేతిలో బాలయేసు, లిల్లీ పువ్వు పట్టుకున్న పాదువా అంతోనివారే అందరికీ తెలుసు. ఈయన ఆయన కాదు. ఈయన దాదాపు వెయ్యేళ్ళ ముందు ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ముసలి సన్యాసి. అంతోనివారి భక్తులకి ఈ పటం ఇస్తే "ఇదేంటి, మా అంతోనివారిని దయ్యాలు పట్టుకున్నాయా!" అని కంగారుపడతారు.

ఇందులో చదవాల్సిన వస్తువులేమీ లేవు. గది లేదు, పుస్తకం లేదు, వెనకంతా ఖాళీ కాగితం. గాలిలో ఒక మనిషి, ఆయన్ని అన్ని వైపులా లాగుతున్న వికృత జంతువులు. చేప పొలుసు, గబ్బిలం రెక్క, ముళ్ళు, ఈకలు, బొచ్చు, ప్రతి చర్మానికీ వేరే రకం గీత ఉంది. చుక్కలు, కొక్కేల్లాంటి చిన్న వంపులు, అడ్డగీతలు. ఒక్క రేకులో ఇన్ని రకాల గీతలు నేర్పే పాఠం అరుదు. ఈ గందరగోళం మధ్యలో అంతోని ముఖం మాత్రం బస్సు కోసం ఎదురుచూసేవాడిలా నిమ్మళంగా ఉంటుంది.

కుర్రవాడిగా ఉన్న మైకెలాంజెలో ఈ బొమ్మని రంగుల్లో తిరిగి వేశాడని, చేపల సంతకి వెళ్ళి పొలుసులూ కళ్ళూ గమనించి వచ్చాడని ఆయన జీవితచరిత్ర రాసిన కొండివి చెప్పాడు. ఆ పెయింటింగ్‌గా గుర్తించినదాన్ని టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో కింబెల్ మ్యూజియం 2009లో కొన్నది. డాలస్ వైపు ఉన్న మనవాళ్ళు ఒక ఆదివారం వెళ్ళి చూడొచ్చు. డ్యూరర్ కూడా 1492లో షోన్‌గావర్‌ని కలవాలని కోల్‌మార్ వెళ్ళాడు. అప్పటికే ఆయన పోయి ఏడాది అయింది.

సైజు చూసుకోండి. ఇది 31 సెంటీమీటర్ల ఎత్తు, ఎ4లో పట్టదు, ఎ3 కావాలి.

ముఖం చదివే బొమ్మలు

ఇక్కడికి వచ్చేసరికి ఎంపిక వేరే రకంగా మారుతుంది. 1519, 1526 మధ్య డ్యూరర్, జర్మనీలోనే విటెన్‌బర్గ్‌లో లూకాస్ క్రానాఖ్ బతికున్న మతపెద్దల్ని, మతపండితుల్ని చెక్కారు. వీళ్ళ పక్కన సింహాలూ పుర్రెలూ ఉండవు. ఒక ముఖం, కింద నాలుగు లాటిన్ ముక్కలు.

డ్యూరర్ చెక్కిన కార్డినల్ ఆల్బ్రెహ్ట్ బొమ్మ (1519) పోస్టుకార్డు అంత ఉంటుంది. వెనక తెర, మూలన వంశచిహ్నం, పైన బిరుదులు. కింద వర్జిల్ కావ్యంలోని మాట: ఇవే ఆయన కళ్ళు, ఇవే చెంపలు, ఇదే ముఖం, వయసు 29. డ్యూరర్ రేకునీ, 200 ప్రతులనీ కార్డినల్‌కి పంపాడు. బదులుగా 200 బంగారు నాణేలు, అంగీ కుట్టించుకోవడానికి పట్టు వచ్చాయని ఉత్తరంలో రాసుకున్నాడు. సోషల్ పాఠంలో ‘పాపపరిహార పత్రాలు’ చదివారు కదా, 1517లో లూథర్‌కి ఒళ్ళు మండించిన అమ్మకం ఈ కార్డినల్‌గారి కోసం జరిగిందే.

గమ్మత్తేంటంటే, అదే 1520 ఉత్తరంలో డ్యూరర్ ఇంకో కోరిక రాశాడు. దేవుడి దయవల్ల లూథర్‌ని కలవగలిగితే ఆయన రూపం గీసి రాగిమీద చెక్కాలని, తనని పెద్ద మనోవేదనల నుంచి బయటపడేసిన మనిషి గుర్తు నిలవాలని. ఆ కోరిక తీరలేదు. ఆ పని చేసింది క్రానాఖ్.

క్రానాఖ్ 1520లో చెక్కిన లూథర్ బక్కచిక్కిన సన్యాసి. గుండు చుట్టూ జుట్టు వలయం, చెంప ఎముకలు పైకి పొడుచుకొచ్చి, చూపు మొండిగా ఉంటుంది. తన మనసు శాశ్వత రూపాన్ని లూథరే చూపిస్తాడు, లూకాస్ చూపించేది పోయే ముఖాన్నే, అని కింద ఉంది. అదే ఏడాది ఇంకో రూపం కూడా చెక్కాడు. అందులో గోడగూడులో నిలబెట్టి, చేతిలో పుస్తకం పెట్టి, ముఖం మెత్తబరిచాడు. గూట్లో నిలబెట్టడం పునీతుల విగ్రహాలకి చేసే పని. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రాజకీయం కనిపిస్తుంది, సాక్సనీ పాలకుడి ఆస్థానానికి కోపిష్టి సన్యాసి కంటే సాధువు మేలు. మరుసటి ఏడాది హాన్స్ బాల్డుంగ్ ఒక అడుగు ముందుకేసి, వుడ్‌కట్‌లో లూథర్ తల వెనక కాంతివలయం, పైన పావురం పెట్టేశాడు. పోపు రాయబారి, లూథర్‌ని విచారించిన వోర్మ్స్ సభ నుంచి ఉత్తరం రాస్తూ, జనం అలాంటి బొమ్మలు కొని ముద్దులు పెట్టుకుంటున్నారని వాపోయాడు. పునీతుల పటాల మీద అనుమానాలు లేపిన ఉద్యమం తన నాయకుడికే పటం కట్టిందన్నమాట.

గుంటూరు, రాజమండ్రి లూథరన్ కుటుంబాలకి కానుక అనుకుంటే ఒక్క మాట. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చిన నాటి నుంచీ ఆ సంఘాల్లో లూథర్ పేరు ఉంది, కానీ సాధారణంగా గోడల మీద చూసే లూథర్ నల్లటోపీ పెట్టుకున్న బొద్దు మనిషి. ఈ బక్క సన్యాసిని గుర్తుపట్టకపోవచ్చు. కింద చిన్న కాగితం అతికించి పేరు రాసివ్వండి. రెండింట్లో నేనైతే మొదటిదే ఇస్తాను, గూడు లేనిదే. అందులో ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు.

డ్యూరర్ 1526లో చెక్కిన డచ్ పండితుడు ఎరాస్మస్, లూథర్ సహచరుడు ఫిలిప్పు మెలాంక్థన్ ఇద్దరి మధ్య తేల్చుకోవడం నాకు తేలికే. ఎరాస్మస్ బొమ్మ పెద్దది, పుస్తకాలు, పూలకుండీ, గోడంతా అక్షరాలు. ‘ఇంతకంటే మంచి రూపం ఆయన రాతల్లో ఉంది’ అని గ్రీకులో ఒక వాక్యం. బొమ్మ తనలా లేదని ఎరాస్మస్ గొణిగాడు. నిజంగానే ఆ ముఖం కంటే ఆ పుస్తకాల అంచులే ప్రాణంతో ఉన్నాయి. మెలాంక్థన్ బొమ్మ అందులో సగం. వెనక ఏమీ లేదు, ఆకాశం. నుదుటి మీద ఉబ్బిన నరం, పలచటి గడ్డం. బతికున్న ఫిలిప్పు ముఖాన్ని డ్యూరర్ గీయగలిగాడు కానీ ఆ నేర్పరి చెయ్యి మనసుని గీయలేకపోయింది అని కింద ఉంటుంది. భూతద్దం పెట్టి కంట్లోకి చూడండి, కిటికీ ప్రతిబింబం కనిపిస్తుంది. ఆరుబయట ఆకాశం కింద ఉన్న మనిషి కంట్లో కిటికీ ఎక్కడిదో మీరే ఆలోచించుకోండి. ముఖమే కావాలనుకునేవాళ్ళకి ఇదే నా ఓటు.

రెండు రకాలూ ఒకేచోట కావాలంటే ఒక దారి ఉంది. 1525లో అదే కార్డినల్ ఆల్బ్రెహ్ట్ క్రానాఖ్ చేత తనని జెరోముగా పెయింటింగ్ వేయించుకున్నాడు. డ్యూరర్ గది, డ్యూరర్ బల్ల, ముసలి పునీతుడి కుర్చీలో కార్డినల్‌గారు. నాటకాల్లో జమీందార్లు హరిశ్చంద్రుడి వేషం కట్టినట్టు. అది ఇప్పుడు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉంది. డ్యూరర్ అచ్చునీ దీని ఫోటోనీ పక్కపక్కన తగిలిస్తే, విద్యార్థులకి గంట క్లాసు చెప్పొచ్చు.

గురుపట్టాభిషేకం కానుకకి ఏం చెప్పానంటే, కార్డినల్ వద్దు, జెరోమే ఇవ్వండి అన్నాను. కొత్త గురువు కూడా అలా బల్ల ముందు కూర్చోవాల్సినవాడే కదా.

అసలు అచ్చు కొనాలా?

ఆన్‌లైన్ వేలాల్లో ‘డ్యూరర్ ఒరిజినల్’ అని కనపడగానే టెన్షన్ పడి బిడ్ చేయకండి. మూలన ఎ, డి అక్షరాలు ఉన్నంత మాత్రాన అది ఆయన చేతి పని కాదు. ఆయన బతికుండగానే ఇటలీలో మార్కాంటోనియో రైమోండి ఆ అక్షరాలతో సహా నకళ్ళు చెక్కాడు. ఆంట్వెర్ప్‌కి చెందిన వీరిక్స్ సోదరులు కుర్రతనంలోనే డ్యూరర్ బొమ్మల్ని గీతకి గీత దింపారు. అసలు రేకు నుంచే తీసినా, రేకు అరిగిపోయాక తీసిన ప్రతి వెలవెలబోతూ ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు పక్కన లేకుండా కొనొద్దు. నకలు చెయ్యడం తప్పని కాదు. జెస్యూటులనే క్యాథలిక్ మిషనరీలు అక్బరు కొలువుకి తెచ్చిన ఇలాంటి అచ్చులు చూసి మొగలు చిత్రకారులు నేర్చుకున్నారు. అబుల్ హసన్ 1600 ప్రాంతంలో, పదమూడేళ్ళ వయసులో, డ్యూరర్ 1511 నాటి సిలువ బొమ్మలోంచి యోహానుని విడిగా తీసి గీశాడు. అది ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్‌మోలియన్ మ్యూజియంలో ఉంది.

ప్రింటు తీయించేటప్పుడు

జెరోముకి నిలువున కనీసం 3,000 పిక్సెళ్ళున్న ఫైలు తీసుకోండి, అసలు సైజుకి అది చాలు. మొదటిసారి నేను పెద్దగా ఉంటే బాగుంటుందని గోడంత ఫ్లెక్సీలా వేయించాను. సన్నగీతలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అలలు అలలుగా వచ్చింది, షాపతను పైగా ‘క్లియర్‌గా’ ఉండాలని కాంట్రాస్టు పెంచేశాడు. ఎండ పోయింది, నీడలు నల్లముద్దలయ్యాయి. మెరుపు కాగితం వద్దు, మ్యాట్ కాగితం, కొంచెం మందంది, తెల్లగా కాకుండా పాలమీగడ రంగుదైతే మేలు. బొమ్మ చుట్టూ తెల్ల అంచు కాస్త వదలమనండి, గీత దాకా కోసేస్తే గదికి గోడలు తీసేసినట్టుంటుంది. అన్నిటికంటే ముందు, షాపులో ‘ఫిట్ టు పేజ్’ నొక్కకుండా పక్కనే నిలబడండి.